గోళ్ళరంగు పీతలు

శాన్ ఫెర్నాందో ఉప్పుమడులు,
4 మే 1986

నా బంగారు తాతయ్యకి,

చేరగానే రాయమన్నావు. చేరి నాలుగు రోజులైంది, తిట్టుకో. చేతులకి బురద లేకుండా ఉండటం ఇవాళే కుదిరింది.

మేం ఉంటున్నది పాడుబడ్డ ఉప్పుమడుల మధ్య ఒక పాత కావలి ఇంట్లో. నేనూ, మా ప్రొఫెసర్ ఉగార్తే మేడమూ, ఎవరిదో తెలీని ఒక పిల్లీ. మంచినీళ్ళు పీపాలో వస్తాయి. మేడమ్ పొద్దున లేచిన దగ్గర్నుంచి సిగరెట్లు కాలుస్తూ పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని గొణుక్కుంటూ ఉంటుంది. దేవుణ్ణి కూడా అంతగా తలుచుకోదు.

తాతయ్యా, నువ్వు నన్ను మోసం చేశావు! పాలపళ్ళు రాలకముందు నుంచీ నీ బారులో బోకాలు తిని పెరిగాను. పళ్ళెంలో ఉడికిన డెక్కలు, పక్కన ఉప్పు. ఆ డెక్క వెనకాల ఒక పీత ఉంటుందని ఒక్కసారైనా చెప్పావా? చూడాలి నువ్వు! మొత్తం పీత నా అరచేతిలో సరిపోతుంది. మగదానికి ఒక చెయ్యి చెంచా అంత, రెండోది వంటింటి పట్టకారంత. ఆడదానికి రెండూ చెంచాలే. పాటు మొదలై నీళ్ళు వెనక్కి పోగానే బురదంతా కన్నాలు తెరుచుకుంటాయి. ప్రతి కన్నం గుమ్మంలో ఒక మగాడు నిలబడి ఆ పెద్ద డెక్క పైకెత్తుతాడు, దించుతాడు, మళ్ళీ ఎత్తుతాడు. రా, రా, మా ఇల్లు చూడు అని. ఫెరియా జాతరలో పందిళ్ళ ముందు నిలబడి పిలిచే కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఇక్కడ వేలమంది, ఒకేసారి! నేను బురదలో కూలబడి పిచ్చిదానిలా నవ్వాను.

మా స్థలం మూడో తూము దాటాక, కూలిన గోడకి ఎదురుగా ఉంటుంది. అటు ఎవరూ రారు. ఇన్ని పీతలు ఒక్కచోట ఎక్కడా చూళ్ళేదట మేడమ్. ఇంతమందిలో ఆడపీత ఎవరి ఇంట్లోకి వెళ్తుంది, ఎందుకు వెళ్తుంది అన్నది తేల్చడమే ఈ ఎండాకాలం నా పని. అదే నా డిగ్రీ థీసిస్. అది నిలబడితే మేడమ్ నన్ను తన దగ్గరే పరిశోధనకి ఉంచుకుంటుంది.

అన్నట్టు ఒక పని చేసిపెట్టు. ఆరు సీసాల గోళ్ళరంగు పంపు. బాగా ఎర్రది, ఉప్పునీళ్ళకి పోనిది. ఎందుకని అడక్కు, నీళ్ళు తీస్తున్నాయి, పరిగెత్తాలి.

నీ బురదముద్ద,
వాల్మే


త్రియానా, సెవియా,
11 మే

ఒసేయ్ బురదముద్దా,

నీ ఉత్తరం కౌంటరు వెనకాల స్టూలెక్కి అందరికీ చదివి వినిపించాను. ఫెరియా కుర్రాళ్ళ దగ్గరికొచ్చేసరికి బల్లలు చరిచారు. "ఇలారియో, నీ మనవరాలు సముద్రాన్ని చదువుతోందా, మగాళ్ళనా?" అని ఒకటే గోల.

మోసం ఏం చేశానే? పీతలు పట్టే మన చానో ప్రతి శుక్రవారం బస్సులో నాకు తెచ్చేది డెక్కల బుట్ట. దాని వెనకాల ఉన్నది నేనెప్పుడు చూశాను? డెక్క ఒక్కటే విరిచి పీతని బురదలోకి వదిలేస్తారు. అది మళ్ళీ మొలుస్తుంది. ప్రాణం తీయకుండా దొరికే మాంసం లోకంలో ఇదొక్కటే అని బారు తెరిచిన రోజు నుంచీ గిరాకీలకి చెబుతున్నాను. ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు. చెప్పడం నాకూ సరదాయే.

మూడో తూము దగ్గర అన్ని ఉన్నాయా? నిజంగానే? ఈ మధ్య బోకాలు చిన్నవైపోయాయని చానో ఏడుస్తున్నాడు.

సరే, అసలు సంగతికి రా. ఆరు సీసాల గోళ్ళరంగు! మీ అమ్మమ్మ పెళ్ళికి కూడా ఇంత రంగు వాడలేదు. ఎవడు వాడు? ఏం చదివాడు? బూట్లు తుడుచుకుంటాడా?

పార్సిల్ విడిగా పంపాను.

నీ తాతయ్య

అమ్మమ్మ రాస్తోంది: కొట్టువాడు నన్ను పైనుంచి కిందికి చూశాడే తల్లీ, ఈ వయసులో ఆరు సీసాలా అని. బురదలో కూడా నీ గోళ్ళు చూసేవాడు ఎవడైనా సరే, వాడితో జాగ్రత్త.


శాన్ ఫెర్నాందో ఉప్పుమడులు,
20 మే

తాతయ్యా, అమ్మమ్మా,

ఎవడు అని కాదు, ఎవరెవరు అని అడగండి. నూటముప్ఫై మంది! మిగతా కథ ఇంటికొచ్చాక చెబుతాను, అప్పటిదాకా ఉడుక్కోండి.

ఇక్కడి కబుర్లు రాయాలంటే కాగితం చాలదు. పోటు వచ్చే ముందు ప్రతి పీతా కాళ్ళతో బురద ఉండ చేసుకుని తలుపులా లాక్కుని కన్నం మూసేస్తుంది. నీళ్ళు మీద నుంచి వెళ్ళిపోయాక తలుపు తోసుకుని బయటికొచ్చి, మళ్ళీ ఊపడం మొదలు. ఇల్లు పోయినవాడు పక్కవాడి ఇంటిమీద పడతాడు. అప్పుడు డెక్కకి డెక్క పెట్టి తోసుకుంటారు. ఓడినవాడు ఏమీ జరగనట్టు తల తిప్పుకుని పోతాడు, అచ్చం పేకాటలో ఓడిన నువ్వే.

ప్రతి మగాడి వీపుమీదా తెల్ల పెయింటుతో నంబరు వేశాను. పన్నెండో నంబరుని మేం మేయర్ అంటాం. వాడి గుమ్మం ముందు ఆగని ఆడది లేదు. నిన్న ఒకావిడ ఏడు ఇళ్ళు చూసి, ఎనిమిదో ఇల్లు మేయర్‌ది చూసి లోపలికెళ్ళింది. ఆయన వెనకాలే దిగి తలుపు వేసుకున్నాడు. నేను కేక పెట్టి లేవబోయి నడుం దాకా దిగబడ్డాను. మేడమ్ బురద మీద చెక్కపలక వేసి, నా చంకల కింద చేతులు పెట్టి లాగింది. ఒక బూటు అక్కడే ఉండిపోయింది. అయినా సరే, చూశాను కదా!

సోమవారం నుంచి బుధవారం దాకా మేడమూ నేనూ కాదిస్‌లో ఉంటాం, నాకో పరీక్ష ఉంది. మూడు రోజులు వీళ్ళని వదిలి ఎలా ఉండాలో.

ముద్దులతో,
మీ వాల్మే


త్రియానా,
31 మే

మా ఇంటి మహాలక్ష్మికి,

కూర్చున్నావా? కూర్చుని చదువు.

కార్పుస్ పండగ రోజు మన బారు ఎలా ఉండిందో నువ్వు చూసి ఉండాల్సింది. ఊరేగింపు అయ్యాక జనం వీధి దాకా నిలబడ్డారు. ఎందుకనుకున్నావు? బోకాలు! ఇన్నేళ్ళలో అంత పెద్ద బోకాలు నా పళ్ళెంలో పడలేదు. అవి ఎక్కడివి? నీవే! నీ మూడో తూము దగ్గరివి! నీ ఉత్తరం చానోకి చదివి వినిపించాను. నువ్వు ఊళ్ళో ఉండవు కదా, నీ పనికి అడ్డం రాకుండా మంగళవారమే వెళ్ళమన్నాను. బావమరిదిని తోడు తీసుకెళ్ళి రెండు బుట్టలు నింపుకొచ్చాడు. నూటముప్ఫై మంది అని నువ్వు ఆటపట్టించినా, నీ స్థలం మాత్రం నిజమే చెప్పావు తల్లీ. అందరిచేతా నీ పేరు మీద ఫీనో వైన్ గ్లాసులు ఎత్తించాను. "వాల్మే చదువుకి!" అని అరిచారు.

ఒక్కటే వింత. చాలా డెక్కలకి కొన ఎర్రగా ఉంది. ఉడికితే వచ్చే ఎరుపు కాదు, మెరిసే ఎరుపు. యూనివర్సిటీ వాళ్ళు పెంచిన కొత్త జాతి అని చెప్పేశాను. అందరూ నమ్మారు. ఇంతకీ అది ఏ జాతి?

మీ అమ్మమ్మకి ఏమైందో, ఆ పళ్ళెం చూసినప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు.

గర్వంతో ఉబ్బిపోతున్న నీ తాతయ్య

అమ్మమ్మ రాస్తోంది: వాల్మే, అది గోళ్ళరంగు కదూ?


శాన్ ఫెర్నాందో,
4 జూన్

తాతయ్యా,

అవును అమ్మమ్మా. గోళ్ళరంగే. దూరం నుంచి ఎవరు ఎన్నిసార్లు ఊపుతున్నారో కనిపించాలని నా చేత్తో ఒక్కో డెక్కకీ వేశాను.

గురువారం తిరిగొచ్చి చూస్తే బురదలో చప్పుడు లేదు. ఒక్కడూ ఊపడం లేదు. గుమ్మాల్లో ఒంటి చెంచా చేతులతో కూర్చున్నారు. జబ్బేమో అనుకున్నాం. పై ఫ్యాక్టరీల నుంచి ఏదో విషం వదిలారేమో అనుకున్నాం. మేడమ్ నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకి పంపింది. నాకు జ్వరం వచ్చినంత పనైంది. మీ ఉత్తరం మంగళవారం వచ్చింది.

నా స్థలం ఎక్కడో నువ్వే చెప్పావు. నేను లేని రోజు చూసి మరీ పంపావు. నా నెల రోజుల పనిని ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి, నా పేరు చెప్పి తినిపించావు. మేయర్ కూడా పోయాడు. పోయాడంటే ఉన్నాడు, చెయ్యి లేదు.

కొన్నాళ్ళు నాకు రాయకు.

వాల్మే


త్రియానా,
10 జూన్

వాల్మే,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

నీ ఉత్తరం స్టూలెక్కి చదవలేదు. వంటింట్లో మీ అమ్మమ్మ చదివింది, నేను ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని విన్నాను. చదవడం అయ్యాక ఆవిడ "ఇప్పుడు సంతోషమా?" అంది. పండగ రోజు నుంచి నాతో ఆవిడ అన్న మొదటి మాట అదే.

తప్పు నాదే. నీకు పేరు తేవాలనుకున్నాను, నాకూ కాస్త పేరు తెచ్చుకోవాలనుకున్నాను. అది కూడా ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక మాట అడగనీ. మేం వాటిని చంపలేదు కదా? డెక్క మళ్ళీ వస్తుంది కదా? చానో చెబుతాడు, వాళ్ళ నాన్న చెప్పేవాడు, నేను చెబుతాను. నిన్న రాత్రి... కాదు, నిన్న రోజంతా కప్పులు కడుగుతూ ఆలోచించాను. వస్తుందని చూసినవాడు ఎవడు? డెక్క విరిచిన పీత మొహం మళ్ళీ చూసినవాడు ఎవడైనా ఉన్నాడా? ఎన్నాళ్ళకి వస్తుంది? వచ్చేదాకా ఏం తింటుంది? నీ మేయర్ గుమ్మం ముందు ఇప్పుడు ఎవరైనా ఆగుతున్నారా?

మాకెవరికీ తెలీదు. వాటి వీపుల మీద నంబర్లు ఇంకా ఉన్నాయి కదా తల్లీ. నువ్వు చూడగలవేమో అనిపించింది. కోపం తగ్గాకే.

తాతయ్య


శాన్ ఫెర్నాందో ఉప్పుమడులు,
24 జూన్

తాతయ్యా! తాతయ్యా!

నీ ఉత్తరం మేడమ్‌కి చదివి వినిపించాను, ఏడుపు ఆపుకుంటూ. "వచ్చేదాకా ఏం తింటుంది" దగ్గరికి రాగానే ఆవిడ సిగరెట్టు కింద పడేసింది. "మళ్ళీ చదువు" అంది. చదివాను. బల్లమీద ఒక్క గుద్దు గుద్దింది, పిల్లి కిటికీలోంచి దూకేసింది.

"వాల్మే, ఇన్ని పీతల చేతులు ఒక్కరోజులో విరవమని నేనడిగితే ఏ యూనివర్సిటీ ఒప్పుకోదు. నేను అడగను కూడా. కానీ జరిగిపోయింది. చెయ్యి పోకముందు ఎవడెవడు ఎలా బతికాడో నీ దగ్గర నెల రోజుల లెక్క ఉంది. ఇది ఈ తీరంలో ఎవరి దగ్గరా లేదు. మీ తాతయ్య దుర్మార్గుడు, కానీ ప్రశ్న మాత్రం సరిగ్గా అడిగాడు" అంది. యథాతథంగా రాశాను, ఏమీ అనుకోకు.

ఆ రోజు నుంచి నేను బురదలోంచి బయటికి రావడం లేదు. విను. చానో కళ్ళు కప్పి తప్పించుకున్న మగాళ్ళు కొందరున్నారు. వాళ్ళు వచ్చి చెయ్యిలేని వాళ్ళని ఇళ్ళలోంచి తోసేస్తున్నారు. ఎదురు తిరగడానికి వీళ్ళ దగ్గర ఏముంది? మేయర్ ఇల్లు ఇప్పుడు డెబ్భయ్యో నంబరుది. మేయర్ పైన ఎండిన అంచులో కొత్త కన్నం తవ్వుకుంటున్నాడు, అక్కడ బురద గట్టి, తిండి తక్కువ. ఆడవాళ్ళు ఒక చుట్టు తిరిగి తూము అవతలికి వెళ్ళిపోతున్నారు.

కొందరు చచ్చిపోయారు తాతయ్యా. కీలు దగ్గర సరిగ్గా విరిచినవాళ్ళు బతికారు. తొందరలో ఒంటితో సహా చీల్చినవాళ్ళు బతకలేదు. నీ దగ్గర దాచడం ఇష్టం లేక రాస్తున్నాను.

ఇంకొకటి. నిన్న మధ్యాహ్నం నలభయ్యో నంబరు గుమ్మంలో నిలబడి మొండి భుజం పైకెత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. లేని చెయ్యి ఊపుతున్నాడు! మేడమూ నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చూశాం.

నేను చాలా మాటలన్నాను. కొన్ని ఇప్పటికీ అంటాను. కానీ నువ్వొచ్చి చూడాలి. అమ్మమ్మని తీసుకురా. నల్ల బూట్లు వద్దు.

నీ వాల్మే


త్రియానా,
15 జూలై

చిట్టితల్లీ,

క్షేమంగా చేరాం. నా నల్లబూటు ఒకటి మీ బురదకి దానం. వద్దన్నావు, వినలేదు. బస్సులో ఒక కాలికి బూటు, ఒక కాలికి మీ మేడమ్ చెప్పు. మీ అమ్మమ్మ పక్క సీట్లో కూర్చోనని వెళ్ళి డ్రైవరు వెనకాల కూర్చుంది.

అక్కడ నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. పలక మీద కుర్చీ వేసి, బైనాక్యులర్స్ చేతికిచ్చి "కదలకు తాతయ్యా" అన్నావు. కదల్లేదు. మా నాన్న అంత్యక్రియల్లో కూడా నేను అంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు. ఇంత జనం ఉంటారని, ఇన్ని తగువులు, ఇన్ని పెళ్ళిళ్ళు ఉంటాయని నాకేం తెలుసు? నాకు తెలిసిన బోకా ఎప్పుడూ పళ్ళెంలో కదలకుండా ఉండేది.

మీ ఇంటి నుంచి చానో ఇంటికి వెళ్ళాం. గొడవైంది. "సముద్రం నీ మనవరాలి అబ్బ సొత్తా?" అన్నాడు. "నా పిల్లలు చదువు తింటారా?" అన్నాడు. చివరికి వాళ్ళావిడ కాఫీ పెట్టింది. మూడో తూము నుంచి కూలిన గోడ దాకా నువ్వు ఉన్నన్నాళ్ళూ కాలు పెట్టనని, బావమరిదిని పెట్టనివ్వనని ఒప్పుకున్నాడు. అంతకు మించి ఒప్పుకోలేదు.

శుక్రవారం ఎప్పట్లాగే వేరే చోటి నుంచి బుట్ట తెచ్చాడు. తీసుకున్నాను. నోటరీ దోన్ ఫెర్మీన్ వచ్చాడు, నా మొదటి గిరాకీల్లో ఒకడు. పళ్ళెం ముందు పెట్టాను. ఒక డెక్క చేతిలోకి తీసుకుని "ప్రాణం తీయని మాంసం, అంతేగా ఇలారియో?" అని నా వైపు చూశాడు, నేను ఎప్పుడూ చెప్పేది చెబుతానని.

"నా మనవరాలు చూస్తోందండీ. చూశాక చెబుతాను" అని పళ్ళెం వెనక్కి తీసుకున్నాను.

కోపగించుకుని లేచిపోతాడనుకున్నాను. "ఏం చూస్తోంది?" అన్నాడు. చెప్పాను. మధ్యలో మేయర్ పెద్దచెయ్యి ఊపడం ఎలా ఉంటుందో చూపించబోయి రెండు గ్లాసులు పగలగొట్టాను. దీపాలు ఆర్పే వేళకి కూడా ఒక్కడూ కదల్లేదు. అమ్మమ్మ వేసిన చిన్నరొయ్యల అట్లు అయిపోయాయి. ఇప్పుడు రోజూ వచ్చి "ఏం రాసింది?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను? రాయి.

ఒంటిబూటు తాతయ్య


శాన్ ఫెర్నాందో ఉప్పుమడులు,
12 ఆగస్టు

తాతయ్యా, ఒక్క నిమిషమే ఉంది, నీళ్ళు తీసేస్తున్నాయి.

కొందరు తలుపులు వేసుకుని రోజుల తరబడి బయటికి రావడం లేదు. పాటు వచ్చినా తెరవడం లేదు. లోపల పెంకు విడుస్తున్నారని మేడమ్ అంటోంది. కొత్త చెయ్యి వస్తే ఈ పెంకు విడిచాకే రావాలట. పెంకు విడవడం కాదంటే లోపలే చచ్చిపోయి ఉండాలి. తవ్వి చూడకూడదు, ఎదురుచూడాలి. నాకు గోళ్ళు కొరికి కొరికి ఏమీ మిగల్లేదు.

నా థీసిస్ పాత ప్రశ్న వదిలేశాను. కొత్తది రాసి ఇచ్చాను. మొదటి పేజీలో ఆ ప్రశ్న ఎవరడిగారో మేడమ్ రాయమంది. రాశాను, నీ పూర్తి పేరుతో. నాన్న వైపుదీ, అమ్మ వైపుదీ, ఇంటి పేర్లు రెండూ వేశాను.

వెళ్తున్నా!
వాల్మే


త్రియానా,
6 సెప్టెంబర్

వాల్మే, తల్లీ,

నువ్వు ఫోను చేసేసరికి బారు నిండా జనం. పైగా రేడియోలో ఫుట్‌బాల్. నాకు వినపడింది ఒక్కటే ముక్క: "వచ్చింది! వచ్చింది!" రెండోసారి నువ్వు కేక వేసింది నోటరీకి కూడా వినపడిందట. "వచ్చిందహో!" అని నేనూ అరిచాను. ఎవరో రేడియో కట్టేశారు. సగంమంది నీ డిగ్రీ వచ్చిందనుకుని చప్పట్లు కొట్టారు. వెనక బల్ల వాళ్ళు నీకు పెళ్ళి కుదిరిందనుకున్నారు. మొగుడెవరని అడిగారు, నూటముప్ఫై మందిలో ఒకడే అయి ఉంటాడన్నాను. ఆ లోపల మీ అమ్మమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది, లైను కూడా తెగిపోయింది.

వెంటనే రాయి. ఎవరికి వచ్చింది? ఒక్కడికేనా, ఇంకా ఎవరికైనానా? ఎంతుంది, బఠాణీ అంతా, ఆలివ్ అంతా? మెత్తగా ఉందా? పోయిన వైపే వచ్చిందా, రెండో వైపా? దానితో తోసుకోగలడా, ఇల్లు నిలబెట్టుకోగలడా, ఉత్తి చూపులకేనా? ఏ ఆడదైనా ఆగి చూసిందా? వచ్చినవాళ్ళు ఎందరు, రానివాళ్ళు ఎందరు? రానివాళ్ళ సంగతి కూడా రాయి, దాచకు.

ఇక్కడ పందేలు మొదలయ్యాయి. పనికొచ్చే చెయ్యే అని కొందరు, పనికిరానిదని కొందరు. చానో కూడా కాశాడు, ఎటువైపో చెప్పడు. నన్నూ కాయమన్నారు. కాయలేదు. నాకు గెలవాలని లేదే, తెలుసుకోవాలని ఉంది.

నీ తాతయ్య, ఇలారియో

అమ్మమ్మ రాస్తోంది: లైను తెగేలోపు నువ్వు చెప్పింది నాకు మొత్తం వినపడింది. నువ్వు ఏడుస్తూ నవ్వుతున్నావని కూడా. మీ తాతయ్యకి చెప్పలేదు. పొద్దున్నుంచీ పోస్టుమాన్ కోసం వీధి చివర నిలబడి ఉన్నాడు, ఒక్కసారి కూడా కూర్చోలేదు. నువ్వే రాయి తల్లీ. ఆయనే చదువుకోవాలి.